విశాఖ నుంచి నిజాంపట్నం దాకా తెరచాప పడవలో: ఏ రేవులో ఆగాలి, ఏ దిక్కున సాగాలి?

భీమిలి తెరచాప

సభ్యులందరికీ నమస్కారం. నేనూ మా బావమరిదీ కలిసి ఫిబ్రవరి చివరి వారంలో విశాఖపట్నంలో బయలుదేరి, తీరం వెంబడి తెరచాప మీదే సాగుతూ, పూడిమడక, కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం రేవుల్లో ఆగుతూ నిజాంపట్నం చేరాలని అనుకుంటున్నాము. మాది 24 అడుగుల ఫైబరు పడవ. దాని కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగే నిలువు పలక) పైకి లాగుకొనే రకం కాబట్టి, దించి ఉంచితే 1.4 మీటర్ల లోతు కావాలి గాని, లాగేస్తే అర మీటరు నీటిలో కూడా తేలుతుంది. వెనక 6 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు మోటారు ఉంది. గాలి అనుకూలిస్తే గంటకు 4 నుంచి 5 నాటికల్ మైళ్లు నడుస్తుంది.

విశాఖ నుంచి కాకినాడకు సుమారు 70 నాటికల్ మైళ్లు. అది మా పడవకు ఒక్క పగటిలో తెమిలే దూరం కాదు. మధ్యలో రాత్రి ఎక్కడ గడపాలి, నదులు సముద్రంలో కలిసే మొగలు ఎలా దాటాలి, చేపల రేవుల్లో మా వంటి పడవకు చోటిస్తారా, ముందుగా ఎవరెవరికి తెలియజేయాలి అన్నవి నా సందేహాలు. రేవు ఊళ్లవారు ఎవరైనా చెబితే మరీ సంతోషిస్తాను.

పోటుపాటు

భీమిలి గారూ, మీరు అడిగిన వాటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ ప్రయాణం ఉత్తరం నుంచి దక్షిణానికే ఎందుకు చేయాలి?

మన తీరం వెంట నడిచే సముద్ర ప్రవాహం ఏడాది పొడుగునా ఒకే వైపు పారదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి తిరుగుతుంది. బలంగా ఉన్న రోజుల్లో దాని వేగం సెకనుకు ఒక మీటరు దాటుతుంది, అంటే గంటకు దాదాపు 2 నాటికల్ మైళ్లు. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో అంత జోరు ఉండకపోవచ్చు. అయినా గంటకు 4 మైళ్లు నడిచే పడవకు ఎదురు ప్రవాహంలో ఒక మైలు పోయినా, ప్రయాణంలో నాలుగో వంతు నీటిపాలయినట్లే. పైగా ఈశాన్య గాలులు ఫిబ్రవరి నాటికి నీరసించిపోతాయి, మార్చి నుంచి దక్షిణ, నైరుతి గాలులు పుంజుకుంటాయి. మీరు పెట్టుకున్న తేదీల్లో గాలీ నీరూ రెండూ మీకు ఎదురు తిరుగుతాయి.

దక్షిణానికే పోవాలనుకుంటే ఈశాన్య గాలి వీపున ఉండే నవంబరు, డిసెంబరు నెలలే తగినవి. కాని ఆ నెలలు తుపాన్ల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గుర్తున్నవారెవరూ ఆ రోజుల్లో చిన్న పడవను కృష్ణా మొగ ముందు నిలపరు. అందుచేత నా సలహా ఒకటే: పడవను లారీ మీద నిజాంపట్నం చేర్చి, అక్కడినుంచి ఉత్తరానికి రండి.

కొంకణ్ దారి

తొలిసారి తీరయాత్ర చేసేవారికి తూర్పు తీరమే ఎందుకని అడగాలనిపిస్తోంది. ముంబయి నుంచి గోవా దాకా మురుద్, దాభోల్, జైగఢ్, రత్నగిరి, విజయదుర్గ్, దేవగఢ్, మాల్వణ్ అని ఒకదాని తర్వాత ఒకటి రేవులు వస్తాయి. చాలావాటికి కొండల చాటు ఉంది, ఒకదానినుంచి మరొకదానికి పగటిపూటే చేరుకోవచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం వాయవ్యం నుంచి వచ్చే గాలి పడవను దక్షిణానికి నెట్టుకొనిపోతుంది. విజయదుర్గ్ కోట పక్క ఖాడీలోకి (సముద్రపు పాయలోకి) లోతైన కీల్ ఉన్న పడవ కూడా దర్జాగా వెళ్లి లంగరు వేస్తుంది. మన తీరంలో విశాఖ, కాకినాడ దాటితే అటువంటి చాటు ఎక్కడ ఉందో చూపించండి.

గిలకలదిండి

కొంకణ్ గారి మాటలో అబద్ధం లేదు. అక్కడ కొండలు సముద్రంలోకి దిగుతాయి, ఇక్కడ నదులు కొండల మట్టిని తెచ్చి సముద్రంలో పోస్తాయి. అందువల్లనే మన రేవుల్లో ఎక్కువ భాగం నది మొగలోనో, ఉప్పుటేటి మొగలోనో ఉంటాయి, ఆ మొగ ముందు ఇసుక మేట ఉంటుంది, ఆ మేట ఏటేటా చోటు మారుతుంది. ఈ ఇబ్బంది సరదా పడవలదే కాదు. మచిలీపట్నానికి చేపల రేవైన మా గిలకలదిండి మొగ పూడుకుపోయినప్పుడల్లా మరపడవలు పోటు కోసం, అంటే సముద్రపు నీరు పెరగడం కోసం, బయట బారులు తీరి నిలబడతాయి. లోపల చేపకు పెట్టిన మంచు కరుగుతూ ఉంటుంది, ఒడ్డున కొనుగోలుదారులు ఎదురుచూస్తూ ఉంటారు.

మొగ దాటడం గురించి భీమిలి గారు అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు (నీరు తగ్గడం) వస్తాయి. పోటుకూ పోటుకూ నడుమ దాదాపు పన్నెండున్నర గంటలు ఉంటుంది కనుక ఇవాళ్టి పోటు రేపటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి, నవమి రోజుల్లో చిన్నది. పెద్ద పోటున కూడా నీటి మట్టం తేడా మీటరున్నర లోపే కాబట్టి, పడమటి తీరంలో లాగా నాలుగు మీటర్ల నీరు వచ్చి మేటను కప్పేస్తుందని ఆశ పెట్టుకోకూడదు. లోపలికి రావలసింది పోటు నిండడానికి ముందు గంటలో. అప్పుడు పడవ అడుగు ఇసుకకు తగిలినా, పెరుగుతున్న నీరు మళ్లీ లేపుతుంది. పాటు మొదలయ్యాక మాత్రం ప్రయత్నించవద్దు. నది నీరు బయటికి ఉరుకుతూ ఉంటే, మధ్యాహ్నపు సముద్రపు గాలి దానికి ఎదురు కొడుతుంది. ఆ రెండూ కలిసే చోట, అంటే సరిగ్గా మేట మీద, కెరటం నిలువుగా లేచి విరుగుతుంది.

మా సరంగులు (పడవ నడిపేవారు) పటాలు చూసి రారు. మొగ ముందు ఇంజను తగ్గించి కాసేపు నిలబడి కెరటాల వరుసను చూస్తారు. తెల్లగా విరిగే వరుసలో ఒకచోట విరగని సందు కనబడుతుంది, అక్కడ నీరు కాస్త ముదురు రంగులో ఉంటుంది. దారి అదే. మొన్నటి వరదకు ముందు ఆ సందు ఉత్తరం గట్టు పక్కన ఉంటే, ఇప్పుడు దక్షిణం పక్కకు జరిగి ఉండవచ్చు. కాబట్టి ఒంటరిగా రాకండి. బయట ఆగి, లోపలికి వస్తున్న చేపల ఫైబరు పడవ ఏదైనా కనబడితే చెయ్యెత్తి, దాని వెనకే రండి. అడిగితే కాదనేవారు మా వైపు అరుదు.

హుస్సేన్‌సాగర్ గాలి

నాది హైదరాబాదు చెరువుల్లో లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు నడిపిన అనుభవమే కాబట్టి, సముద్రం గురించి అధికారంగా మాట్లాడలేను. ఒక్క సందేహం. నౌకాదళం వారి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మే నెలలో తిరిగి వచ్చిన ఆరుగురు మహిళా అధికారులలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య కూడా ఉన్నారు. అంత పెద్ద భూప్రదక్షిణంలో వారు ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ వంటి కొద్ది రేవులలోనే ఆగారు. తీరానికి దూరంగా ఉండడమే క్షేమమైతే, భీమిలి గారు కూడా 20 మైళ్లు బయటికి పోయి, విశాఖ నుంచి నిజాంపట్నానికి ఆగకుండా సాగిపోవచ్చు కదా?

పోటుపాటు

తారిణి 55 అడుగుల పడవ. అందులో వంతులవారీగా కాపలా కాయడానికి ఆరుగురు ఉన్నారు. ఇక్కడ ఉన్నది ఇద్దరు. ఇద్దరే రాత్రింబవళ్లు మేలుకొని నడిపితే రెండో రాత్రికే ఎవరో ఒకరు చుక్కాని మీద తల వాల్చేస్తారు. పైగా మన వద్ద 20 మైళ్లు బయటికి పోతే ఖాళీ సముద్రం ఉంటుందనుకోవడం పొరపాటు. సోనా బోట్లనే మరపడవలు వల లాగుతూ తిరిగేది ఆ నీళ్లలోనే. సరుకు ఓడల దారి కూడా అటే. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు, చమురు వేదికలు ఉన్నాయి. వాటి చుట్టూ 500 మీటర్ల లోపలికి ఎవరూ పోరాదు. రవ్వ క్షేత్రం వేదికలైతే ఎస్. యానాం ఎదుట, లోతు తక్కువ నీటిలోనే ఉన్నాయి.

దగ్గరగా పోతే మరో చిక్కు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదన్నది రాష్ట్ర నియమం. కనుక ఆ పట్టీ అంతా ఫైబరు పడవల వలలతో నిండి ఉంటుంది. పగలు వెదురు కర్రకు కట్టిన నల్ల జెండానో, చిరిగిన చీర పీలికో, దాని కింద థర్మోకోల్ ముక్కో కనబడుతుంది. రెండు జెండాల నడుమ నుంచి పోతే సరిగ్గా వల మీదుగా పోయినట్లే. రాత్రి ఒక చిన్న మినుకుమినుకు దీపం తప్ప ఇంకేమీ ఉండదు. తెరచాప మీద పోతున్నప్పుడు వల తగిలితే కీల్ ఎత్తి జారిపోవచ్చు గాని, ఔట్‌బోర్డు పంకాకు చుట్టుకుంటే వల కోయవలసి వస్తుంది, అప్పుడు దాని ఖరీదు కట్టి తీరాలి. బేరం ఆడవద్దు. ఆ వల మీద ఒక కుటుంబం బతుకుతోంది.

భీమిలి తెరచాప

పోటుపాటు గారూ, దిక్కు మార్చమన్న మీ మాట నాకు సబబుగానే తోచింది. మా పడవ లారీ మీద పోగలదు. కొంకణ్ గారికి నా మనవి: అటు తేలికని నేనూ ఒప్పుకుంటాను. కాని ఈ రేవుల పేర్లు చిన్నప్పటి నుంచి రేడియోలో తుపాను హెచ్చరికలతో పాటు వింటూ పెరిగినవాణ్ణి, వాటిని సముద్రం వైపు నుంచి చూడాలన్నదే కోరిక.

అయితే కాకినాడ సంగతి, ఇటు పూడిమడక సంగతి ఎవరూ చెప్పలేదు.

కోరంగి మడ

కాకినాడ గురించి నేను చెబుతాను. నిజాంపట్నం, విశాఖల నడుమ మీరు నిశ్చింతగా నిద్రపోగల చోటు ఏదైనా ఉంటే అది కాకినాడ అఖాతమే. గోదావరి తెచ్చిన ఇసుక 19వ శతాబ్దం నుంచి పేరుకుంటూ సుమారు 16 కిలోమీటర్ల దిబ్బగా పెరిగింది. అదే హోప్ ఐలాండ్. దాని కొన ఉత్తరానికి చూస్తుంది కనుక దక్షిణం నుంచి వచ్చే మీరు దిబ్బను ఎడమచేతి వైపు ఉంచుకొని, కొన దాటేదాకా పైకి పోయి, అక్కడ తిరిగి అఖాతంలోకి రావాలి. మధ్యలో దిబ్బ మీదుగా దారి ఉన్నట్లు పోటు వేళ అనిపిస్తుంది, నమ్మవద్దు. లోపలికి వచ్చాక కెరటం చప్పున అణగిపోతుంది. అడుగు బురద కాబట్టి లంగరు బాగా పట్టుకుంటుంది. ఎత్తేటప్పుడు మాత్రం గొలుసుతో పాటు రెండు బకెట్ల నల్ల బురద పైకి వస్తుంది. దక్షిణపు కొసకు, కోరంగి మడ అడవి వైపు పోయే కొద్దీ లోతు మోకాలి లోతుకు తగ్గిపోతుంది. మీ కీల్ ఎత్తితే కొంతదూరం పోవచ్చు గాని, పాటుకు అక్కడ చిక్కుకుంటే ఆరు గంటలు దోమలతో కాలక్షేపం. 1839 తుపానులో కొట్టుకుపోక ముందు కోరంగి ఓడలు కట్టిన పెద్ద రేవని ఇప్పుడక్కడి నీళ్లు చూస్తే నమ్మబుద్ధి కాదు.

చేపల రేవు కుంభాభిషేకం దగ్గర ఉంది. దానికన్నా ముందు బార్జీలను చూసుకోండి. కాకినాడలో పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే, బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి పోతాయి. బస్తాలతో నిండిన బార్జీ తొందరగా ఆగలేదు, తిరగలేదు. మీకు తెరచాప ఉంది కాబట్టి అదే పక్కకు పోతుందనుకోకండి.

అంతర్వేది మాట కూడా చెప్పి ముగిస్తాను. వశిష్ఠ మొగలో అన్నాచెల్లెళ్ల గట్టు అని పిలిచే చోట నదీ సముద్రమూ కలుస్తాయి. అక్కడ మేట విశాలమైనది. గిలకలదిండి వారు చెప్పిన పద్ధతే అక్కడా వర్తిస్తుంది. ఒకసారి లోపలికి వచ్చారా, నది వెడల్పుగా, నిమ్మళంగా ఉంటుంది. ఓపిక ఉంటే పోటుతో పాటు నరసాపురం దాకా పోవచ్చు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువారూ డచ్చివారూ ఓడలు కట్టించుకున్న ఊరది.

రాంబిల్లి రోడ్డు

పూడిమడక మా పక్క ఊరే. విశాఖ నుంచి సుమారు 20 నాటికల్ మైళ్లు. అక్కడ కట్టిన రేవు లేదు, పడవలు ఇసుక మీదికే లాగుతారు. సముద్రం నెమ్మదిగా ఉన్న రాత్రి బయట లంగరు వేసి ఉండవచ్చు గాని, దక్షిణపు అలకు అడ్డు ఏమీ లేదు కనుక రాత్రంతా పడవ ఊగుతూనే ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పక్కనే రాంబిల్లిలో నౌకాదళ స్థావరం పని జరుగుతోంది. చెప్పాపెట్టకుండా ఒక తెరచాప పడవ వచ్చి దాని ముందు లంగరు వేస్తే తనిఖీకి రాక మానరు. నా సలహా అయితే, కాకినాడలో సాయంత్రం బయలుదేరి, చందమామ ఉన్న రాత్రి చూసుకొని, వలలకు బయటగా ఒకే రాత్రి నడిచి మర్నాడు విశాఖ చేరడం. ఇద్దరికి ఒక రాత్రి భారం కాదు.

రేవు గుమాస్తా

అనుమతుల గురించి నాకు తెలిసినంత చెబుతాను. 2008లో ముంబయి మీద దాడికి వచ్చినవారు సముద్రంలో చేపల పడవను పట్టుకొని దాని మీదే వచ్చారు. అప్పటినుంచి తెలియని పడవ ఏది కనబడినా తీరమంతా అనుమానమే. దీన్ని ఇబ్బందిగా తీసుకోకండి. పడవ రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇద్దరి గుర్తింపు కార్డులు, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసిన కాగితం, పడవ ఫోటో ఒకటి, ఇవన్నీ నకళ్లు తీయించి, బయలుదేరే ముందే కోస్ట్‌గార్డుకూ మెరైన్ పోలీసులకూ ఇవ్వండి. కోస్ట్‌గార్డు కేంద్రాలు మీ దారిలో నిజాంపట్నం, కాకినాడ, విశాఖపట్నాలలో ఉన్నాయి. రేవులో అడుగు పెట్టగానే మత్స్యశాఖ కార్యాలయంలో కనబడి పేరు రాయించుకోండి. సముద్రంలో వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్ తెరిచి ఉంచాలి. ఫోను అందే చోట కోస్ట్‌గార్డు అత్యవసర సంఖ్య 1554, మెరైన్ పోలీసులది 1093. విశాఖలో ఓడరేవు, నౌకాదళం, చేపల రేవు అన్నీ ఒకే చోట కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ప్రవేశానికి ముందే పోర్టు కంట్రోలును పిలవండి, అడగకుండా లోపలికి రావద్దు.

వాతావరణానికి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారు ఇచ్చే అలల సూచన ప్రతి ఉదయం చూడండి. గాలి లేకపోయినా ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద అల తీరానికి రావచ్చు. మొగ దాటేవారికి గాలికన్నా ఆ అలే ప్రమాదం. పోటు వేళలు సర్వే ఆఫ్ ఇండియా పట్టికల్లో ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలన్నీ రేవులోనే ఉంటాయి కనుక మీకు తాడు కట్టే చోటు కూడా దొరకదు. ఈలోపే ముగించుకోండి.

గిలకలదిండి

రేవు లోపల మసలుకోవడం గురించి రెండు మాటలు. తెల్లవారుజామున రాకండి. ఆ వేళ పడవలు చేప దించుతాయి, వేలం పాట నడుస్తుంది, గట్టు మీద అడుగు పెట్టే సందు ఉండదు. మధ్యాహ్నం వస్తే పని తగ్గి, సరంగులు వలలు బాగుచేసుకుంటూ కూర్చుని ఉంటారు. మంచు మర ఎదుట కట్టవద్దు. ఖాళీ గట్టు దొరకదు కాబట్టి ఏదో ఒక మరపడవ పక్కనే కట్టవలసి వస్తుంది. కట్టే ముందు అది ఎన్ని గంటలకు వేటకు పోతుందో అడగండి, లేకపోతే రాత్రి రెండింటికి లేపి తాడు విప్పించుకుంటారు. మరపడవలకు కట్టిన పాత టైర్లు మీ తెల్ల ఫైబరును నల్లగా పూస్తాయి, గోనె సంచులు అడ్డం వేసుకోండి. ఒక పడవ మీదుగా గట్టుకు నడిచేటప్పుడు చెప్పులు చేతబట్టుకోండి. ముందు కొమ్ము దగ్గర పసుపు, కుంకుమ, నిమ్మకాయ కనబడితే దాని మీద కాలు వేయవద్దు, అది గంగమ్మ చోటు. రేవు బంకులో డీజిలే పోస్తారు. మీ ఔట్‌బోర్డుకు పెట్రోలు కావాలి కాబట్టి ఊళ్లో బంకునుంచి ఆటోలో తెచ్చుకోవాలి.

భీమిలి తెరచాప

అందరికీ ధన్యవాదాలు. మార్పు చేసుకున్న ఆలోచన ఇది. మార్చి మొదటి వారంలో పడవను లారీ మీద నిజాంపట్నం చేరుస్తాము. అక్కడినుంచి దివి కొన చుట్టి, పోటు కలిసివస్తేనే గిలకలదిండిలోకి, లేకపోతే నేరుగా అంతర్వేదికి. ఆపైన కాకినాడ అఖాతంలో విశ్రాంతి, పూడిమడక మానుకొని ఒక రాత్రి నడకతో విశాఖ. నిజాంపట్నంలో పడవను లారీ మీదినుంచి నీటిలోకి దించడానికి ఏర్పాటు దొరుకుతుందా? దివి కొనకు ఎంత దూరంగా పోవాలి?

పోటుపాటు

దివి కొన దగ్గర కృష్ణ తెచ్చిన మేట చాలా దూరం వ్యాపించి ఉంటుంది, ఒడ్డు కనబడక ముందే లోతు తగ్గిపోతుంది. 5, 6 మైళ్లు బయటగానే ఉండి, లోతు కొలిచే యంత్రం 5 మీటర్లు చూపితే మరేమీ ఆలోచించకుండా తూర్పుకు తిరగండి. పటం దెహ్రాదూన్ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం వారిది తీసుకోండి. కాని మొగల దగ్గర అందులోని అంకెలు వరదలకు ముందువి అయి ఉండవచ్చు.

గిలకలదిండి

దించడానికి క్రేనును బాపట్ల వైపునుంచి పిలిపించుకోవడం మంచిది, ముందురోజే మాట్లాడుకోండి. మాస్టును (తెరచాప కట్టే స్తంభాన్ని) లారీ మీద పడుకోబెట్టి తెచ్చి, నీటిలో దించాకే నిలబెట్టండి. దారిలో కరెంటు తీగలు కిందికి వేలాడుతూ ఉంటాయి. బయలుదేరే రోజును పౌర్ణమికి దగ్గరగా పెట్టుకుంటే నిజాంపట్నం మొగలో నీరు దొరుకుతుంది, కాకినాడ నుంచి నడిచే రాత్రికి వెన్నెల కూడా మిగులుతుంది. మా మొగ ముందుకు వచ్చే రోజు ఇక్కడ ఒక మాట రాయండి. ఏ గట్టు పక్కన దారి ఉందో ఆ వారం చూసి చెబుతాను.